చుక్కల్లేని ఫొటోలు

రాత్రి డ్యూటీ దిగొచ్చిన భర్త స్నానానికి వెళ్లాడు. ఆమె వంటింటి గడప దగ్గర కూర్చుని అతని డ్యూటీ చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. కూతురు తండ్రి ఫోను పట్టుకుని పక్కన చేరింది.

"మీ నాన్నకి ఈ వయసులో చుక్కల పిచ్చేంటే? ఏళ్ల తరబడి రాత్రి బస్సు తోలుతున్నాడు. ఒక్కనాడైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు."

"నీకు కుళ్లమ్మా. పోయిన నెల రాత్రి ఫొటోలు తియ్యడం తనే అడిగి నేర్చుకున్నాడు. నైట్ మోడ్ పెట్టి, ఫోను కదలకుండా పట్టుకుంటే కంటికి ఆననివి కూడా పడతాయని చెప్పాను. 'హమ్మయ్య' అన్నాడు. ఎన్ని తీశాడో చూద్దాం."

కూతురు ఒక ఫొటో జరిపింది. ఇంకోటి జరిపింది. చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందే?"

"వీటిలో ఆకాశం లేదమ్మా."

ఆమె దారం తెంపి సూది పక్కన పెట్టి ఫోను అందుకుంది. డిపో గేటు. బస్సు మెట్లు. తమ వీధి మలుపు, గుంటతో సహా. అన్నీ చీకట్లో తీసినవే, పట్టపగల్లా కనబడుతున్నాయి. ఆఖరిది బస్సు ముందు అద్దంలోంచి తీసింది. ఎదురుగా లైట్లు లేని లారీ వెనక భాగం. అద్దానికీ దానికీ మధ్య బారెడు దూరం కూడా లేదు.

సాయంత్రం కాగానే అతను వరండా లైటు వెయ్యమనడం, తలుపు కొట్టుకుని నుదురు బొప్పి కట్టడం ఆమెకి గుర్తొచ్చాయి. నిద్రమత్తన్నాడు. తనూ నవ్వింది.

"నా ఫోనేదీ?" తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమండీ, ఈ లారీ ఏంటి?"

తువ్వాలు ఆగింది. "రోడ్డు మీద ఆగి ఉంది."

"మీరు చూసే బ్రేకు వేశారా?"

"కండక్టర్ కేకేశాడు. తొక్కాను. ఏముందో తెలియక ఫొటో తీసి చూశాను."

"చీకట్లో కనబడదా మీకు?"

"ముందు పోయే బండి వెనక ఎర్రలైటుని పట్టుకుని పోతాను. ఏమైనా అయిందా ఇన్నాళ్లూ?"

"అయ్యాక చెబుతారా? మీ వెనక అంతమంది నిద్రపోతుంటారండీ!"

"చెబితే స్టీరింగ్ లాగేసుకుంటారు. ఆ తర్వాత నేనెవర్నే?"

ఆమె లేచి నిలబడింది. "సరే. ఈ రాత్రి మీరు బండెక్కితే నేనూ ఎక్కుతాను. ఈ పిల్లనీ తీసుకొస్తాను. మీ వెనక సీట్లోనే పడుకుంటాం."

అతను కూతురి వైపు చూశాడు. కుర్చీలో కూలబడి, ఫోను అందుకుని డిపోకి కలిపాడు.

"సార్, ఈ రాత్రి నా బండికి ఇంకొకర్ని వెయ్యండి." ఆగాడు. "లేదు సార్, జ్వరం కాదు. చీకట్లో కళ్లు కనబడటం లేదు."

అతను ఫోను కింద పెట్టాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళదాం. నేనూ వస్తాను," అంది.

"మరి మేడమీద నాతో చుక్కలు చూసి 'ఆహా' అన్నావు కదా నాన్నా?" కూతురు ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నీ గొంతు ఎటు వినబడితే అటు తిరిగి అన్నానమ్మా."

కూతురు కళ్లు తుడుచుకుని, తన ఫోనులో మొన్న తీసిన ఆకాశం తెరిచి అతని ముందు పెట్టింది. అతను దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇన్నున్నాయా!" అన్నాడు.

ఆమె గుండీ వేలాడుతున్న చొక్కా తీసుకుని అందులో మొహం దాచుకుంది.