సిరా అంటని కాగితం

కిర్గిజ్ దేశపు నరీన్ పట్నంలో డిటెక్టివ్ బెక్తెమిర్ గదిలోకి వచ్చిన మనిషికి ఆయాసం తగ్గలేదు. పేరు ఆయిమ్‌కాన్. కొండమీద చోన్-బుర్గన్ ఊరి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా.

"నలుగురిలో నన్ను దొంగ అన్నాడు మా అధ్యక్షుడు. సోమవారం పోలీసులకి అప్పజెబుతాడంట." ఒక కాగితం బల్లమీద పెట్టింది.

అది వేసవి మేత ఉత్తర్వు. మూడు ఊటల బీడు కాపరి జొల్దోష్ మందకని ఉంది. కింద ముద్ర. సభలో నిర్ణయించింది వేరే కాపరికి. అధ్యక్షుడు సాగిన్ ఊళ్లు తిరిగే మనిషి. పని ఆగకూడదని ముద్ర వేసిన తెల్లకాగితాలు ప్రింటర్లోనే పెట్టి పోతాడు. ప్రింటరు అందరిదీ, కానీ దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఆయిమ్‌కాన్ కంప్యూటర్లో ఒక్కదాంట్లోనే ఉంది.

"మీరు కొట్టిన కాగితం ఇంకోటి ఉందా, ఎజే?" అక్కను పిలిచినట్టే పిలిచాడు బెక్తెమిర్.

సంచిలోంచి మనవడి నివాస పత్రం తీసింది. వరసకు రెండు మూడు అక్షరాలు నీలి సిరాతో చేత్తో రాసి ఉన్నాయి.

"పాత కంప్యూటరు. మన కిర్గిజ్ అక్షరాలు మూడింటికి ఖాళీ గళ్లు కొడుతుంది. పెన్నుతో నింపుకుంటా."

బెక్తెమిర్ రెండు కాగితాలూ కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. కారు తోలే సహాయకుడు తెమిర్కాన్ కూడా చూశాడు. అతనికి ఏమీ కనబడలేదు. ఆయనకు కనబడి ఉంటుందని మాత్రం తెలుసు.

మర్నాడు ఊరికి వెళ్లారు. ఉత్తర్వు అచ్చయిన రోజున సాగిన్ ఊళ్లో లేడు. ఆయిమ్‌కాన్ అన్నానికి ఇంటికి పోయినప్పుడు ఆఫీసులో ఉన్నది ఇద్దరే, కాపరి జొల్దోష్, పశువుల డాక్టరు ఉర్మత్.

"ఫోను చూపించు," అన్నాడు బెక్తెమిర్.

జొల్దోష్ బొత్తాల ఫోను తీశాడు. "పిలిస్తే పలుకుతుంది బైకే, అంతే దాని చదువు," అన్నాడు అన్నను పిలిచినట్టు.

"మందంతా నీదేనా?"

"కాపరికి సొంత మందా! ఊరందరివీ తోలుకుపోతా."

"ఎక్కువ ఎవరివి?"

"డాక్టరువి. రెండొందలు."

ఉర్మత్ నవ్వాడు. "అయితే ఏంటంట? నా కంప్యూటర్లో డ్రైవరే లేదు. డ్రైవర్ లేకుండా బండి కదులుతుందా పెద్దమనిషీ? నీ తెమిర్కాన్‌ని అడుగు."

సాయంత్రం బెక్తెమిర్ అందరినీ ప్రింటరు చుట్టూ కూర్చోబెట్టాడు.

"ఈ ఉత్తర్వులో మన అక్షరాలు మూడూ శుభ్రంగా అచ్చుపడ్డాయి. పెన్ను తగల్లేదు. ఆయిమ్‌కాన్ ఎజె కంప్యూటరు ఇలా కొట్టలేదు. కాబట్టి ఆమె కాదు, ఆమె కంప్యూటర్లో ఇంకొకరు కొట్టిందీ కాదు."

"మరి దేంట్లోంచి వచ్చింది?" అన్నాడు సాగిన్.

గోడమీద అంటించిన వైఫై పాస్‌వర్డు చూసి బెక్తెమిర్ తన ఫోనులో కొట్టాడు. ఒక నిమిషం వెతికాక ప్రింటరు పేరు తెరమీదికి వచ్చింది. ఫోనులో నాలుగు కిర్గిజ్ మాటలు రాసి ప్రింట్ నొక్కాడు. ముద్ర ఉన్న కాగితం ఒకటి బయటికొచ్చింది. అందులో కిర్గిజ్ అక్షరాలు మూడూ నల్లగా, నిండుగా ఉన్నాయి.

"నేను ఏ డ్రైవరూ పెట్టలేదు. ఒకే వైఫైలో ఉంటే చాలు, ఈ రకం ప్రింటరు ఫోను మాట వింటుంది. జొల్దోష్ ఫోనుకి ఆ విద్య లేదు. డాక్టరుగారూ, మీది తీయండి. ప్రింట్ నొక్కండి."

ఉర్మత్ కదల్లేదు. సాగిన్ చెయ్యి చాచాడు. చివరికి ఫోను అతని చేతికి వచ్చింది. ప్రింట్ నొక్కగానే, వెతకకుండానే, ఆ ప్రింటరు పేరు పైన కూర్చుని ఉంది. ఇంతకుముందు వాడిన ప్రింటర్లు అన్న వరసలో అదొక్కటే.

"మూడు ఊటల్లో గడ్డి బాగుంటుందని..." అన్నాడు ఉర్మత్.

సాగిన్ ఆయిమ్‌కాన్ వైపు తిరిగాడు. "ఎజే, సోమవారం మామూలుగా పనిలోకి రా."

"వస్తా. దొంగ అన్నది నలుగురిలో, ఇక్కడ కాదుగా?"

సాగిన్ లేచి తలుపు తీశాడు. బయట మెట్లమీద ఊరి మగవాళ్లు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి, తెల్ల టోపీ తీసి చేతబట్టుకుని, గొంతు పెంచి ఆమె పేరుతో మొదలుపెట్టాడు.