దంపుళ్ల కొట్టులో సైకిలు

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్లే దారిలో, కాలవ గట్టున ఒక దంపుళ్ల కొట్టు ఉండేది. పొద్దు వాలాక అటు ఎవరూ పోయేవారు కాదు. తప్పనిసరై పోవాల్సివస్తే అడుగులు కావాలని తడబడేలా వేస్తూ పోయేవారట. ఎందుకంటే — అక్కడ అడుగు లయగా పడకూడదు.

దీనమ్మ అనే ఆవిడ ఆ కొట్టులో ధాన్యం దంచుతూ దంచుతూ, రోకలి చేతిలో ఉండగానే ప్రాణం విడిచింది. జతగా దంచుతున్న మనిషి భయపడి పారిపోయింది. అప్పట్నుంచీ రాత్రిళ్లు ఒంటి రోకలి చప్పుడు వినపడేదని చెప్పుకునేవారు. ఒక పోటు... ఖాళీ. మళ్లీ ఒక పోటు... ఖాళీ. ఆ ఖాళీలో పడాల్సిన రెండో పోటు కోసం అది కాచుకుని ఉంటుంది. ఒక్కసారి అందుకున్నారా, ఇక ఆపలేరు.

కొట్టు యజమాని బుల్లిబాబుగారు ధాన్యం వర్తకులు. దంచడానికి ఎవరూ రాకపోయేసరికి తాళం వేసేశారు. మళ్లీ ఆ తాళం తీయించింది సైకిలు కోసం.

సైకిలంటే ఏమిటో ఊళ్లో సగం మందికి తెలియని రోజులవి. మద్రాసు నుంచి తెప్పించారు. మండపేట సంతలో ధాన్యం ధర ఎలా ఉందో మిగతా వర్తకులకన్నా ముందు ఆయనకి తెలియాలి. అందుకు తొక్కే మనిషి కావాలి. ముందుకొచ్చింది ఇద్దరు. ఒకడు ఆయన మేనల్లుడు అప్పాజీ. రెండోవాడు రాజరత్నం — లూథరన్ బడిలో చదువుకున్న కుర్రాడు, లెక్కల్లో చురుకు. తండ్రి కోరుకొండలో ఒక రైతు దగ్గర పాలేరు. ఈ కొలువు దొరక్కపోతే దసరా వెళ్లగానే రాజరత్నం కూడా అదే రైతు దగ్గర పాలేరుగా చేరాలి. తండ్రి మాట ఇచ్చేశాడు.

వానలు తగ్గాక ఒకరోజు ఒకడు, మర్నాడు ఇంకొకడు మండపేట వెళ్లి రావాలి. ఎవడు తక్కువ పొద్దులో తిరిగొస్తే వాడిదే కొలువు.

అప్పటిదాకా దారులన్నీ బురద. అందుకని చెక్క పీట ఒకటి చేయించి, వెనక చక్రం గాలిలో తిరిగేలా సైకిల్ని కొట్టు మధ్యలో నిలబెట్టారు. చక్రం చుట్టూ తోలుపట్టీ, పట్టీ కొసకి తూకపు రాళ్లు. రాళ్లు పెరిగేకొద్దీ పట్టీ చక్రాన్ని బిగించేస్తుంది — ఎదురుగాలిలో తొక్కినట్టే. కుడి పెడలు కిందికి వచ్చినప్పుడల్లా, నేలలో పాతిన పాత రోటి అంచుని తాకీ తాకకుండా పోయేది.

పగలంతా సైకిలు అప్పాజీది. రాజరత్నాన్ని రాత్రిళ్లు తొక్కుకోమన్నాడు.

"దీనమ్మ మీ చర్చి మనిషేగా. తోడుంటుందిలే" అన్నాడు నవ్వుతూ.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు రాజరత్నం. ఆ రాత్రే సైకిలెక్కాడు.

తొక్కగా తొక్కగా అతనికి ఒక సంగతి బోధపడింది. తక్కువ రాయితో కాళ్లు గబగబా ఆడిస్తే ఊపిరి అందదు. ఎక్కువ రాయితో నెమ్మదిగా తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. చేసే పని ఎంతంటే, బరువుని కాలి వేగంతో హెచ్చవేస్తే వచ్చినంత. కాబట్టి వేగం మార్చకుండా రాయి ఒక్కటే పెంచుకుంటూ పోవాలి. కానీ వేగం మారలేదని తెలిసేదెలా? గడియారం లేదు. గుండె చప్పుడు లెక్కపెడదామంటే, రాయి పెరిగేకొద్దీ అదీ పెరుగుతోంది.

ఒక రాత్రి జోరున వాన. దీపం తగ్గించి తొక్కడం మొదలెట్టాడు. కాసేపటికి గోడ అవతల నుంచి —

దుమ్.

ఖాళీ...

దుమ్.

ఖాళీ...

ఒళ్లు చల్లబడింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. అప్పాజీ! తనని బెదరగొట్టడానికి వానలో తడుస్తూ రోకలి ఆడిస్తున్నాడు. కొట్టనీ... ఇంత నిలకడగా కొడుతుంటే ఇక గడియారం ఎందుకు?

తల్లీ మేనత్తా జతగా దంచుతుంటే ఆ పక్కనే పెరిగినవాడు. ఖాళీలో ఏం పడాలో అతని కాలికి ఒకరు చెప్పక్కర్లేదు. కుడికాలు సరిగ్గా ఆ ఖాళీలోకి దిగింది.

దుమ్ — కాలు. దుమ్ — కాలు.

చెయ్యి వెనక్కి చాపి ఇంకో రాయి తగిలించాడు. వేగం తగ్గలేదు. మరో రాయి. బరువే తెలియడం లేదు. ముందు ఎవడు అలిసిపోతాడో చూద్దాం అనుకుని పళ్లు బిగించాడు...

తలుపు తోసుకుని, లాంతరు పట్టుకుని, అప్పాజీ లోపలికి వచ్చాడు.

గోడ అవతల రోకలి ఆగలేదు.

"ఏరా, చచ్చావో ఉన్నావో చూద్దామని..." అంటూ వచ్చినవాడు నిలబడిపోయాడు. గొంతు తగ్గింది. "రత్నం... ఎవర్రా నీతో దంచేది?"

రాజరత్నం కాళ్లు ఆపబోయాడు. ఆగలేదు. పెడళ్లని వెనక్కి అదిమాడు. అన్ని రాళ్లు వేలాడుతున్నా చక్రం తిరుగుతూనే ఉంది.

అప్పాజీ లాంతరు కింద పెట్టాడు. మొహంలో వెటకారం లేదు. భయమూ లేదు. ఇద్దరు దంచుతుంటే చెదిరిన గింజల్ని లోపలికి తోసే మూడో మనిషిలా, రోటి పక్కన చతికిలపడ్డాడు. రెండు పోట్ల మధ్య చెయ్యి చాపి, లేని గింజల్ని తోశాడు. పెడలు దిగేలోపు తీసేశాడు. మళ్లీ చాపాడు... మళ్లీ తీశాడు...

"చెయ్యి తియ్యండి, అప్పాజీగారండి" అన్నాడు రాజరత్నం. అది గుసగుసలాగే వచ్చింది.

అప్పాజీ తల ఎత్తలేదు.

చెయ్యి రోటి అంచు మీద ఎంతసేపు ఉంటోంది, పెడలు ఎప్పుడు దిగుతోంది — రాజరత్నం మనసు దానంతటదే లెక్క కట్టేసింది. ఆపడం తన వల్ల కావడం లేదు. కానీ తొందరపడటం? ఒక్క రవ్వ బలంగా అదిమితే... కాలు ఒక్క రవ్వ ముందు దిగుతుంది.

కోరుకొండ పొలం కళ్లముందు ఆడింది. వంగిపోయిన తండ్రి నడుము. అప్పాజీ నవ్వు.

దుమ్ —

అప్పాజీ అరుపు కాలవలో పడవవాళ్లకి వినపడిందట. వాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి చక్రం నిలిచిపోయి ఉంది. రోకలి చప్పుడు లేదు. లాంతరు పట్టుకుని గోడ అవతలకి వెళ్లి చూశారు. పొంగిన కాలవ గోడని ఒరుసుకుంటూ పారుతోంది. మనిషి నిలబడే చోటే లేదు.

అప్పాజీ కుడిచేతి వేళ్లు నుజ్జయిపోయాయి. దీనమ్మ పగబట్టిందని ఊరంతా అన్నారు. రాజరత్నాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. పందెం లేకుండానే కొలువు అతనిదైంది.

రాజరత్నం మొదటిసారి మండపేట వెళ్లొచ్చిన సాయంత్రం, బుల్లిబాబుగారు అతన్ని వెంటబెట్టుకుని మేనల్లుణ్ణి చూడటానికి వెళ్లారు. పిఠాపురం నుంచి మాంత్రికుణ్ణి పిలిపిస్తానని, ఆ దీనమ్మ పీడ ఈ అమావాస్యతో వదిలిస్తానని చెప్పారు.

అప్పాజీ కట్టు కట్టిన చేతిని గుండెల మీద పెట్టుకుని విన్నాడు. విని, మేనమామ వెనక నిలబడ్డ రాజరత్నం కాళ్ల వంక చూశాడు.

"ఆవిణ్ణేం అనకండి మావయ్యా" అన్నాడు మెల్లిగా. "ఆవిడ ఒక్క పోటూ తప్పలేదు."