చెరగని రీలు

పాల్వంచ దాటాక అడవి దారిలో, టేకు చెట్ల మధ్య ఒక పెంకుటిల్లు. చీకటిపడితే దాని ముందు సైకిల్ దిగిన మగాడు లేడు. పెరట్లో ఆడదెయ్యం ఉందని పేరు. ఆ పేరు పెట్టింది ఇంటాయనే. "మాకూ వినబడుతుందయ్యా, ఆగకండి" అని అందరికీ చెప్పాడు. అది "అన్నా... ఆగన్నా..." అంటుందట. పలికితే, వెనక్కి చూస్తే, నెత్తురు కక్కుకుని చస్తారట. ఊరి మీసాలన్నీ నమ్మాయి.

ద్వాలి నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆమె మొగుడు హాతీరాం కరెంటు ప్లాంటులో షిఫ్టు పని చేస్తూ, ఇంట్లో పాత రీలు టేపురికార్డర్లు బాగుచేసేవాడు. గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు, తోటి షిఫ్టువాడితో సైకిల్ మీద వస్తూ ఆ పిలుపు చెవులారా విన్న మొనగాడు కూడా అతనే. "నేను ఎనక్కి చూడలే. చూస్తే ఇయ్యాల మీ ముందర ఉందునా?" అని టీకొట్టు దగ్గర ఒకటే కోతలు.

కొన్నేళ్ళకు, ఓ మధ్యాహ్నం పద్మావతమ్మ వచ్చింది. సత్తుపల్లి వైపు రైతు ఇల్లాలు. ఆ పెంకుటింటాయన, కలప కాంట్రాక్టరు వెంకటరామారావుకు అత్తగారు. కూతురు హైమ ఆ పెద్ద వరదలోనే కొట్టుకుపోయిందని అల్లుడు చెప్పాడు. శవం దొరకలేదు. ఇల్లు ఖాళీ చేస్తూ అతను పారేసిన టేపురికార్డరును ఈమె చంకనెత్తుకొచ్చింది.

"మా హైమ పాట ఇందులో ఉండాలి బాబూ. దాని గొంతు ఒక్కసారి వినిపించు... చాలు."

హాతీరాం రబ్బరు బెల్టు మార్చాడు. స్పిరిట్‌తో హెడ్లు తుడిచాడు. రీలు తిరిగింది.

భజన. తాళాలు, మగగొంతులు.

"నా బిడ్డ పాట చెరిపేశాడా! వాడి చేతులు పడిపోను!"

"ఆగమ్మా..." హాతీరాం చెవి ఆనించాడు. "చెరిపే హెడ్డు చచ్చింది. మీద ఏం నింపినా కిందిది పోలే."

సౌండు పెంచాడు. భజనవాళ్ళు ఊపిరి పీల్చుకునే సందుల్లోంచి... హైమ పాడుతోంది.

తల్లి కళ్ళు మూసుకుంది.

రీల్లో తలుపు దడాలున తెరుచుకున్న చప్పుడు, అల్లుడి గొంతు. "ఎవడి కోసమే కిటికీలో కూర్చుని పాడుతున్నావ్?"

దెబ్బ. ఇంకో దెబ్బ. గాజులు చిట్లాయి. తల గోడకు తగిలిన చప్పుడు... మళ్ళీ తగిలింది... మళ్ళీ. "చంపకండి... అమ్మా!"

హాతీరాం ఆపబోయాడు. పద్మావతమ్మ అతని మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"ఆపావంటే నరుకుతా."

రీలు తిరుగుతూనే ఉంది. నొక్కేసిన గొంతులో గురక... ఎక్కడో సైకిల్ బెల్లు... దగ్గరికొస్తోంది. హైమ ఎలా విడిపించుకుందో, మైకు పక్కనే కేక—

"అన్నా... ఆగన్నా!"

బెల్లు ఆగింది.

"ఆగాడు!" పద్మావతమ్మ రీలు మీదికి వంగిపోయింది. "ఎవడో మారాజు... ఆగాడు..."

కిటికీ అవతల మగగొంతు, వణుకుతూ—

"భద్రూ, పలకకు! దెయ్యం! ఎనక్కి చూడకు... తొక్కు, జల్దీ!"

తర్వాత ఒకే ఒక్క దెబ్బ. మెత్తగా. మీద నింపిన భజనవాళ్ళు మళ్ళీ ఎత్తుకున్నారు.

వంటింటి గడపలో ద్వాలి చేతిలోంచి చెంబు జారిపడింది. పదేళ్ళుగా ఆమె ఆ గొంతు పక్కనే పడుకుంటోంది.

"ఎవడు బాబూ వాడు?" అంది పద్మావతమ్మ. "నిన్నే... పలకవేం?"

హాతీరాం అప్పుడూ పలకలేదు. ఇప్పుడూ పలకలేదు.

మణికట్టు మీద గోళ్ళు ఇంకా లోపలికి దిగుతున్నాయి.