ఆపరేషన్ పడమటి గాలి

“సరిగ్గా పదింటికి విదేశీ ముఠావాళ్ళు ఆసుపత్రి మీదికి విషవాయువు వదుల్తారు. ఎక్కణ్ణుంచో తెలీదు. గంటన్నర టైముంది,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదిహేడు కుర్చీలోంచి లేవడానికే రెండుసార్లు ప్రయత్నించాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు! ఎన్ని విదేశీ ముఠాలు, ఎన్ని సిలిండర్లు! ఒళ్ళు హూనమైపోయింది. కానీ ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో అతని భార్య నర్సు. అది తలుచుకోగానే భయమేసింది. ఫోన్ చేసి చెప్పే వీల్లేదు. జనాన్ని కదిలిస్తే ముఠా ముందే మీట నొక్కేస్తుంది. ఏదో వంకతో కిటికీలు మూయించడానికి మాత్రం చీఫ్ ఒక మనిషిని పంపాడు.

ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్ కెంపు ఒక పెన్‌డ్రైవ్ కొట్టుకొచ్చింది. ఊరంతటా వంద మీటర్లకొక చోట ముఠా కొలిచిన గాలి వేగం, దిక్కు అందులో ఉన్నాయి. ల్యాబులో గ్రాఫు బాబాయ్ ఆ అంకెల్ని సాఫ్ట్‌వేర్‌లో పోశాడు. తెరంతా బాణాలు మొలిచాయి. వాటి వెంట గాలి నడిచే దారులు, స్ట్రీమ్‌లైన్లు, మెలికలు తిరిగాయి.

“ఆసుపత్రి నుంచి గీత పట్టుకుని గాలికి ఎదురెళ్తే, తూర్పున రంగుల ఫ్యాక్టరీ మేడ. సందేహమే లేదురా అబ్బాయ్!”

తొమ్మిదీ నలభైకి మీటర్ రీడర్ వేషంలో పదిహేడు, వెనకే కెంపు ఆ మేడెక్కారు. అక్కడ ఖాళీ డబ్బాలు తప్ప ఏమీ లేవు.

“కెంపు మనల్ని తప్పుదారి పట్టించింది. కాల్చెయ్,” అన్నాడు చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్.

పదిహేడు పిస్టల్ తీశాడు. ఆసుపత్రి వైపు పిట్టగోడకి ఆనుకుని నిలబడింది కెంపు.

“కాల్చు బాబూ. మూణ్ణెల్లుగా నిద్రే లేదు. అలాగైనా పడుకుంటా.”

ఆమె పట్టు స్కార్ఫు ఎగిరొచ్చి అతని మొహానికి చుట్టుకుంది. విసుగ్గా లాగేస్తూ ఆగిపోయాడు. గాలి ఆసుపత్రి వైపు నుంచి కదా వస్తోంది!

“బాబాయ్, గాలి కొలిచేవాళ్ళు పడమర అని రాస్తే ఏంటి?” అని అరిచాడు ఫోన్లో.

“పడమర నుంచి వస్తోందని.”

“నీ బాణం ఎటు గీసింది?”

“పడమరకే... ఓరి నాయనో! అన్నీ తిరగేసి గీశాను. దారి అదే, నడకే అటుది ఇటైంది. ఉండు... పడమర కొసన ఐస్ ఫ్యాక్టరీ!”

కెంపు స్కూటర్ నడిపింది. పదిహేడు వెనక కూర్చుని, ఎప్పుడూ మొక్కని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద కాపలావాడి సంగతి అతను చూస్తుండగా, కెంపు జడపిన్నుతో గ్యాసు సిలిండర్‌కున్న టైమర్ తీగ పీకేసింది. అంకె రెండు దగ్గర ఆగిపోయింది.

అతను అక్కడే చతికిలబడ్డాడు. ఫోన్ మోగింది. భార్య!

“ఏవండీ, దోమల మందు కొడతారని ఎవడో మా కిటికీలన్నీ మూయించాడు. ఉక్కపోసి చస్తున్నాం. మీకేం, హాయిగా గాలికి కూర్చునే ఉద్యోగం!”

ఆ గొంతు వినగానే అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“అవునే,” అన్నాడు. “ఇవాళ గాలి బావుంది.”