భారం కాదని రాసివ్వండి

కూతురికి జడ వేస్తుండగా గుమ్మంలో ఆడపడుచు గొంతు వినబడింది. ఈ వారంలో ఇది నాలుగోసారి. బడిపంతులమ్మగా రిటైరైన ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మూడంతస్తుల మెట్లెక్కి ఊరికే రాదని తల్లికి తెలుసు.

"నువ్వు షాపుకి వెళ్లమ్మాయ్. మన జడ్జిగారిని నేను చూసుకుంటాగా," అంది ఆవిడ, మేనకోడలి పక్కకి కుర్చీ లాక్కుంటూ.

జడ్జిగారికి పధ్నాలుగేళ్లు. పుట్టేటప్పుడు ఊపిరందక కాళ్లూ, కుడిచెయ్యీ స్వాధీనంలో లేకుండా పోయాయి. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది గానీ, తీర్పులో తేడా ఉండదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి నాన్న చెప్పే కోతల దాకా ఆ పిల్ల ఒకసారి తేల్చిందంటే ఇక అప్పీలు లేదు.

తండ్రి లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నీ నడిపించే మనిషి, తమ మేడకి లిఫ్టు లేక, కూతుర్ని రోజూ వీపున వేసుకుని దింపుతాడు. విదేశంలో ఉద్యోగం ఖాయమైన రోజు అతను జీతం గురించి చెప్పలేదు. అక్కడి బస్సులు చక్రాల కుర్చీ ఎక్కడానికి వీలుగా ఒక పక్కకి వంగుతాయని చెప్పాడు. చేత్తో వంచి చూపించాడు కూడా.

ముగ్గురికీ వైద్యపరీక్షలయ్యాక అతని తీరు మారింది. వీసా సంగతి అడిగితే, వస్తుందిలే అని మాట దాటేసేవాడు. పోస్టుమాన్ కేకేస్తే తినే కంచం వదిలి కిందికి పరుగెత్తేవాడు. సరిగ్గా అప్పుడే అతని అక్క రాకపోకలు మొదలయ్యాయి. పిల్లకి స్నానం ఎలా చేయిస్తావు, ఏ మందు ఎప్పుడు వేస్తావు, ఒక్కతే ఎంతసేపు ఉండగలదు అని అన్నీ అడగడం, అడిగినవన్నీ రాసుకోవడం.

ఆ మధ్యాహ్నం తను పనిచేసే మందుల షాపులో ఓనరు మాటల సందర్భంలో ఒక సంగతి చెప్పాడు. కొన్ని దేశాలు ఇలాంటి పిల్లల్ని రానివ్వవట. తనకి తెలిసిన ఒకాయన కొడుకుని చెల్లెలింట్లో వదిలి, భార్యతో విమానం ఎక్కేశాడట. ఆమె చేతిలో మందుచీటీ అలాగే ఉండిపోయింది. తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి బయల్దేరింది.

తలుపు దగ్గరకి వేసి ఉంది. లోపల పనివేళలో ఇంట్లో ఉండకూడని భర్త గొంతు. "దానికి ఇప్పుడే తెలియకూడదక్కా. అంతా అయ్యాక నేనే చెబుతాను."

ఆమె లోపలికి వెళ్లింది. చేతిసంచి కూడా దించలేదు.

"నా కూతుర్ని ఎవరికి అప్పజెబుతున్నారు?"

అతను చొక్కా జేబులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. వాళ్ల దేశపు వైద్యసేవలకి ఈ పిల్ల భారం కావచ్చనీ, కాదనుకుంటే నెలరోజుల్లో కారణాలు రాసి పంపమనీ ఉంది అందులో.

"పధ్నాలుగేళ్లుగా మోస్తున్నావు. ఒక్కనాడూ బరువనలేదు. ఈ మాట నీ కంట పడకూడదనుకున్నాను," అన్నాడు. అక్కా తనూ రాస్తున్నది దానికి జవాబని చెప్పాడు.

ఆమె ఉత్తరం మడిచింది. అనుమానం మాత్రం మడతపడలేదు.

"వదిలి వెళ్దామని ఒక్కసారి కూడా అనుకోలేదా? నా మొహం చూసి చెప్పండి."

అతను ఆమె మొహంలోకే చూశాడు. "అనుకున్నాను. ఈ ఉత్తరం వచ్చిన రోజు. అక్కని అడిగాను కూడా."

"అడిగాడు," అంది ఆడపడుచు. "చెంప మీద ఒకటిచ్చి, కాగితాలు తెమ్మన్నాను."

తల్లి వదిన మొహంలోకి చూడలేక, మిమ్మల్నే అనుమానించానని నేలకేసి చూస్తూ చెప్పింది.

"అనుమానించకపోతే నువ్వేం తల్లివి?" అంది ఆవిడ.

పక్కగదిలోంచి పిలుపొచ్చింది. జడ్జిగారు అంతా విన్నారు. ఆ జవాబేదో తన ముందు చదవమంది. తండ్రి గొంతు సర్దుకుని మొదలుపెట్టాడు. మా అమ్మాయి తన బట్టలు తానే వేసుకుంటుంది, తన పనులన్నీ...

"అబద్ధం," అంది పిల్ల. "గుండీలు... పెట్టుకోలేను. కొట్టెయ్యి."

అది కొట్టేస్తే వాళ్లు రానివ్వరమ్మా అన్నాడు తండ్రి.

"అబద్ధం చెప్పి వెళ్తే... అక్కడ రోజూ... నేనే పెట్టుకోవాలి."

ముందు మేనత్త నవ్వింది. తర్వాత తల్లి నవ్వబోయి ఏడ్చింది. పిల్ల మాత్రం తండ్రినే చూస్తోంది.

"నాన్నా. నేనూ... అత్తనడిగా. మీ ఇంట్లో ఉండనా అని. మీరిద్దరూ... వెళ్తారని."

అతను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కూతురి ఒళ్లో తల పెట్టేశాడు. ఆ పిల్ల ఎడంచెయ్యి అతని జుట్టులో తడబడుతూ తిరిగింది.

జవాబు మొదటినుంచీ మళ్లీ రాశారు. ఈసారి చెప్పింది తల్లి, రాసింది వదిన. గుండీలు పెట్టుకోవడం, మెట్లు దిగడం పిల్లవల్ల కాదనీ రాయించింది. ఎడంచేత్తో కంప్యూటర్ మీద పాఠాలు రాస్తుందనీ, కిందటేడు క్లాసులో రెండో స్థానంలో నిలిచిందనీ, ఇంట్లో ఎవరూ ఆమెకి అబద్ధం చెప్పి నెగ్గలేరనీ కూడా రాయించింది.

రెండు నెలలకి వీసా ఆఫీసు నుంచి కవరొచ్చింది. దాన్ని చింపడానికి జడ్జిగారికి ఒక్క చేత్తో చాలాసేపు పట్టింది. పెద్దవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ సాయానికి పోలేదు.

ఆమె కాగితం పూర్తిగా చదివి, తలెత్తింది.

"ముగ్గురికీ," అంది.