రేచన నాయకుని ఉక్కు కవచం

కొలనుగిరి దుర్గపు బురుజుల ఎత్తు ఎంతటిదంటే, వాటిని దాటబోయిన గద్దలు సైతం నడుమ రెండుచోట్ల వాలి, ఊపిరి పీల్చుకొని గాని పైకి రాలేకపోయేవి. అట్టి దుర్గాన్ని శత్రుసేన చీమలబారులా చుట్టుముట్టి ఉండగా, లోపల సభామంటపం నడుమ తెల్లని వస్త్రం కింద సేనాపతి రేచన నాయకుడు శాశ్వతనిద్రలో ఉన్నాడు. మీసం దువ్వితే చాలు, మదపుటేనుగులు వెనుదిరిగేవి! అంతటి వీరుణ్ణి ఆ తెల్లవారుజామున ఒకే ఒక్క బాణం, ఉక్కు కవచాన్ని తమలపాకులా చీల్చి కూల్చివేసింది.

తండ్రి పాదాల చెంత నిలిచిన బేతన తల ఎత్తలేదు. శోకమనుకున్నారు అందరూ. శోకం ఒక్కటే అయితే తల ఎత్తేవాడే.

"చూడండి మహాప్రభూ!" అంటూ సోమనామాత్యుడు ఆ కవచాన్ని రాజు ముందు పైకెత్తాడు. "రేకుకన్నా పలుచన! కమ్మరి మాచోజు శత్రువుకు అమ్ముడుపోయాడు. వీణ్ణి కోటగోడ మీదనుంచి తోయించండి. సేనాపత్యమంటారా, నా మేనల్లుడు సిద్ధంగా ఉన్నాడు."

"ఎవరూ, నిన్న నగారా మోగగానే ధాన్యపు కొట్లో దూరిన మహావీరుడేనా?" అన్నాడొక ముసలి బంటు. అంత శోకంలోనూ సభ నవ్వింది.

రాజు ఎఱ్ఱభూపతి, చేతులు కట్టి నిలబెట్టిన కమ్మరిని చూశాడు. "ఎవరు చెప్పగా అరగదీశావు?"

"మాట ఇచ్చాను దేవరా. చెప్పలేను."

మాచోజు బేతన వంక కన్నెత్తైనా చూడలేదు. ఆ చూడకపోవడమే బేతనను కోసింది. ఒకప్పుడు కోటమెట్లన్నీ నాలుగు అంగల్లో దాటిన తండ్రి, ఈ మధ్య మలుపు దగ్గర ఆగి, ఎవరూ లేరనుకొని గోడకు ఆనుకొని రొప్పడం అతడు చాటునుంచి చూశాడు. కవచం బరువు తగ్గించుకోమంటే ఆ పులి వింటుందా? అందుకే రహస్యంగా కవచాన్ని లోపలివైపు అరగదీయించాడు. "చూశావట్రా బేతనా, నా వయసు వెనక్కి తిరిగింది!" అని మెట్లెక్కుతూ తండ్రి నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

నోరు విప్పితే తండ్రిని చంపినవాడవుతాడు, వంశం పేరు మట్టిలో కలుస్తుంది. విప్పకపోతే ఒక అమాయకుడి ప్రాణం పోతుంది.

"చేయించింది నేను ప్రభూ. మాచోజును విడిచిపెట్టండి."

"విన్నారా!" అమాత్యుడి ముఖం వెలిగింది. "తండ్రిని చంపిన చేతికా సేనాపత్యం?"

"ఆగండి." శవం తలాపున కూర్చున్న కామసాని లేచింది. "నా కొడుకు చెప్పింది సగమే. మిగతా సగం నాది. ఆయన భుజాలకు నూనె రాస్తుంటే కవచం పట్టీల వాతలు నా చేతికి తగిలేవి. ఓర్చుకోలేక నేనూ మాచోజును బతిమాలాను."

బేతన తల్లి వంక తిరిగాడు.

మాచోజు భోరుమన్నాడు. "మొదట చినదొర, తరవాత అమ్మగారు! ఎవరికీ చెప్పనని ఇద్దరూ విడివిడిగా ఒట్టు వేయించుకున్నారు. రెండోసారి మనసు ఒప్పలేదు దేవరా, అయినా కాదనలేకపోయాను."

"ఒక్కసారితో ఊరుకుంటే?" అన్నాడు రాజు.

"బాణం ఆగేదేమో, ప్రభూ."

రాజు, "ఈ ఇంట ద్రోహం లేదు" అని మాచోజు కట్లు విప్పించాడు.

"సేనాపత్యం నాకొద్దు ప్రభూ," అన్నాడు బేతన. "కాలిబంటుగా ముందువరుసలో పంపండి."

ఇక ఆ యుద్ధం! కవచం లేని వట్టి రొమ్ముతో బేతన కోటద్వారం దాటి దూకితే, అతని కత్తి తళుకుకు సూర్యుడే మబ్బు చాటుకు తప్పుకున్నాడు. ఆ కత్తి విసురు గాలికి గుడారాలు గాలిపటాలై ఎగిరాయి. శత్రువులు మూడు రాజ్యాలు దాటేదాకా వెనుదిరిగి చూడలేదు. చావును వెతుక్కుంటూ వెళ్లినవాణ్ణి చావు ఎక్కడా దగ్గరికి రానివ్వలేదు. సైనికులు అతణ్ణి భుజాల మీద మోసుకొచ్చారు, రాజు సేనాపతి ఖడ్గాన్ని చేతిలో పెట్టాడు. అమాత్యుడు తల వంచుకొని తప్పుకున్నాడు. జయజయధ్వానాలు మిన్నంటుతుంటే, ఆ అరుపులు ఎప్పుడు ఆగుతాయా అని బేతన ఎదురుచూశాడు.

సాయంకాలం చితి పేర్చారు. కొరివి అందుకున్న బేతన చెయ్యి ముందుకు సాగలేదు.

"నా వల్ల కాదమ్మా."

ఆడవాళ్లు రాకూడని ఆ చోటికి, ఎవరు వారించినా ఆగక వచ్చిన కామసాని కొడుకు పక్కకు నడిచింది. "నా వల్ల మాత్రం అవుతుందా నాయనా?" అంటూనే అతని పిడికిలి మీద తన చెయ్యి వేసింది.

నీ తప్పు కాదని ఇద్దరిలో ఒక్కరూ రెండోవారితో అనలేదు. ఇద్దరూ కలిసి వంగి, నిప్పు పెట్టారు.