ఎక్కడి నుంచో చల్లగాలి

"ఎండ నా చెంపను ముద్దాడింది" అన్న వాక్యం దగ్గర మైకు ముందు చదువుతున్న అమ్మాయి నాలుగోసారి నవ్వేసింది.

అద్దానికి ఇవతల కూర్చున్న రికార్డిస్టు హెడ్‌ఫోన్స్ సర్దుకుని, "మళ్ళీ చదవండి," అన్నాడు.

"ఎండ ముద్దాడటమేంటండీ? చెంప పగలగొడుతుంది. ఈయన ఎప్పుడైనా మధ్యాహ్నం పూట గడప దాటాడా?"

ఈయనంటే ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి. పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, తన వేసవి జ్ఞాపకాలు మూడు వందల పేజీలు రాశాడు. పేజీ పేజీకీ పూలు, వెన్నెల, చల్లగాలి. దాన్ని ఇప్పుడు ఆడియో బుక్ చేస్తున్నారు. మైకులో రొద పడుతుందని గదిలో ఏసీ ఆపేస్తారు. అంచేత వేసవి మాధుర్యం గురించి చదువుతూ ఆ అమ్మాయి చెమటతో తడిసి ముద్దయ్యేది.

వారం రోజులు సాగింది చదవడం. ఆ వారంలో రికార్డిస్టు ఆమెతో అన్నవి రెండే మాటలు: "మొదలుపెట్టండి", "మళ్ళీ చదవండి". మనసులో మాత్రం పెళ్ళిదాకా వెళ్ళిపోయాడు.

శనివారం రచయిత గారు భార్యను వెంటబెట్టుకుని వచ్చి, విన్నారు. కాసేపటికి మొహం మాడ్చుకున్నారు.

"'ఎక్కడి నుంచో చల్లగాలి వీచేది' అని కదా నేను రాసింది. 'వీచేదట' అని చదివిందేంటి? ఆ 'ట' ఎవరిది?"

రికార్డిస్టుకు ఆ 'ట' ముందే వినబడింది. నవ్వుకుని వదిలేశాడు. "నాదే సార్. నేనే అలా చదవమన్నాను."

"అయితే నిన్ను తీసేయమని మీ యజమానికి చెబుతా."

"ఆయన అబద్ధం చెబుతున్నారు," అంది ఆ అమ్మాయి. "'ట' నాదే."

అప్పటిదాకా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రచయిత గారి భార్య నోరు విప్పింది.

"ఆ పిల్ల చదివిందే నయం. మధ్యాహ్నాలు మీరు గుర్రుపెట్టి పడుకుంటే విసనకర్ర విసిరింది నేను. ఇన్ని పేజీల్లో నా చెయ్యి ఒక్కచోటైనా కనబడిందా?"

రచయిత గారు కళ్ళజోడు చాలాసేపు తుడుచుకున్నారు. "ఉండనీండి ఆ 'ట'," అని గొణిగి లేచారు.

వాళ్ళు వెళ్ళాక ఆ అమ్మాయి అడిగింది. "నాకోసం అబద్ధమెందుకు ఆడారు?"

"మీరు పోతే ఇంకెవరో వస్తారు. నాకు మీ గొంతే కావాలి." అక్కడ ఆగి ఉంటే బాగుండేది. "నిజానికి మళ్ళీ చదవమన్న వాటిల్లో సగం మొదటిసారే బాగా వచ్చాయి. ఇంకోసారి వినాలనిపించి అడిగాను."

"నన్ను ఆ పొయ్యిలో కూర్చోబెట్టా?"

"అవును."

ఆమె బ్యాగు భుజాన వేసుకుని విసవిసా మెట్లు దిగిపోయింది. అతను వెనకే పరుగెత్తాడు.

బయట రెండు గంటల ఎండ. బస్‌స్టాప్ రేకు కింద మూరెడు నీడ. అందులో ఆమె, రెండడుగుల అవతల ఎండలో అతను. ఒక బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. రెండోదీ ఎక్కలేదు.

"ఇష్టముంటే నోటితో చెప్పాలి. మనిషిని ఉడికించి కాదు," అంది రోడ్డువైపు చూస్తూ.

"మీరంటే నాకిష్టం."

ఆమె కాస్త పక్కకు జరిగింది.

"ఇటు రండి. అక్కడే మాడిపోతే రేపు మా నాన్నతో ఎవరు మాట్లాడతారు?"